లోపాలనుకున్నవే సాక్ష్యాలైన వేళ: సువార్తికుడు మార్కు

కొత్త నిబంధనలోని నాలుగు సువార్తల్లో మార్కుదే చిన్నది. పదహారే అధ్యాయాలు. శ్రద్ధగా కూర్చుంటే ఒక పూటలో చదివేయవచ్చు. ఇందులో యేసు పుట్టుక లేదు, బేత్లెహేము లేదు, జ్ఞానులు లేరు. కొండమీది ప్రసంగం లేదు. తప్పిపోయిన కుమారుడి ఉపమానమూ లేదు. గ్రీకు వాక్యాలు బడిలో దిద్దించినట్టు కాకుండా నోటిమాటలా సాగుతాయి. ఒక సంఘటన ముగిసీ ముగియకముందే ‘వెంటనే’ అంటూ మరొకటి మొదలవుతుంది.

ఇలాంటి పుస్తకానికి పెద్దపీట దక్కలేదు. క్రీ.శ. 400 ప్రాంతంలో హిప్పో నగర బిషప్ అగస్టీన్ నాలుగు సువార్తల పొంతన గురించి రాస్తూ, మార్కును మత్తయి వెంట నడిచిన అనుచరుడిగా, మత్తయి గ్రంథాన్ని కుదించినవాడిగా జమకట్టాడు. అంతటివాడు చెప్పాక ఎదురేముంది? ఆ అభిప్రాయం పద్నాలుగు వందల ఏళ్లు చెల్లింది. నిజానికి అగస్టీన్‌కు ముందు నుంచే మార్కుకు ఆదరణ తక్కువ. ఈజిప్టు ఇసుకలో దొరికిన తొలినాటి పాపిరస్ ప్రతుల్లో మత్తయి, యోహాను సువార్తల ముక్కలు ఎన్నో ఉన్నాయి, మార్కువి మాత్రం వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. మత్తయిలో ఇంచుమించు అంతా ఉన్నప్పుడు, పైగా అదనంగా ఎంతో ఉన్నప్పుడు, చిన్నదాన్ని మళ్లీ రాయించడం దేనికని సంఘాలు అనుకుని ఉంటాయి.

అయితే మార్కును పక్కన పెట్టడానికి చూపిన కారణాలే తర్వాత అడ్డం తిరిగాయి. మోటు భాష, ఇబ్బందిపెట్టే మాటలు, శిష్యుల చేతగానితనం, తెగిపోయినట్టుండే ముగింపు అన్నీ లోపాల లెక్కలోకి వెళ్లినవే. మిగతా సువార్తల కన్నా ముందు రాసింది ఇదేననడానికి వాటిలో కొన్ని సాక్ష్యాలుగా నిలిచాయి. ఈ పుస్తకానికి ఇంత బలం ఎక్కడి నుంచి వచ్చిందో మిగిలినవి చెబుతాయి.

మార్కు మత్తయిని కుదించాడన్న మాట ఎంతవరకు నిలుస్తుందో ఒక్క కథతో తేల్చవచ్చు. యూదుల ప్రార్థనాస్థలమైన సమాజమందిరపు అధికారి యాయీరు కూతురిని బతికించిన కథ, దాని మధ్యలో పన్నెండేళ్లుగా రక్తస్రావంతో బాధపడుతున్న స్త్రీ కథ. మత్తయి ఈ రెండింటినీ కలిపి 9 వచనాల్లో ముగించాడు. మార్కుకు 23 వచనాలు పట్టాయి. మత్తయి కథలో తండ్రి వచ్చేసరికే కూతురు చనిపోయింది. మార్కులో ఆమె కొన ఊపిరితో ఉంది. యేసు బయల్దేరతాడు, జనం తోసుకుంటూ మీద పడుతుంటారు, ఆ రద్దీలో ఒక స్త్రీ వెనుక నుంచి ఆయన వస్త్రం ముట్టుకుంటుంది. వైద్యుల చుట్టూ తిరిగి ఉన్నదంతా ఖర్చుపెట్టినా జబ్బు తగ్గకపోగా ముదిరిందని మార్కు చెబుతాడు. మత్తయి ఆ సంగతే ఎత్తడు. ముట్టుకున్నదెవరని యేసు ఆగి అడిగితే, ఇంతమంది తోసుకుంటుంటే ఆ ప్రశ్న ఏమిటని శిష్యులు విసుక్కుంటారు. ఆగిన ఆ కాసేపట్లోనే యాయీరు ఇంటి నుంచి కబురు వస్తుంది: అమ్మాయి పోయింది, ఇక బోధకుణ్ణి శ్రమపెట్టడం ఎందుకు? తండ్రి గుండెలో ఏం జరిగిందో మార్కు ఒక్క మాటా రాయడు. కథ నడిచిన తీరులోనే అది తెలిసిపోతుంది. చివరికి యేసు ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ‘తలీతాకుమీ’ (చిన్నదానా, లెమ్ము) అంటాడు, ఆమె లేచాక తినడానికి ఏమైనా పెట్టమని చెబుతాడు.

కుదించేవాడు ఎవరైనా ఇలా చేస్తాడా? తొమ్మిది వచనాలను ఇరవై మూడు చేస్తూ, అంతకు ఎన్నో రెట్లు విలువైన కొండమీది ప్రసంగాన్ని మొత్తంగా వదిలేస్తాడా? కథ కథకీ పోల్చి చూస్తే చాలాచోట్ల మార్కుదే పొడుగు. తక్కువైనవి బోధలే. మార్కును ముందు పెట్టుకుని మత్తయి కథలను క్లుప్తం చేసి, ఆ మిగిలిన చోట్లో బోధలు చేర్చాడనుకుంటే లెక్క సరిపోతుంది. తలకిందులుగా అనుకుంటే సరిపోదు.

ఇబ్బందిపెట్టే మాటల దగ్గర ఇది ఇంకా స్పష్టం. స్వగ్రామంలో జనం నమ్మకపోవడంతో యేసు కొద్దిమంది రోగులను బాగుచేయడం తప్ప మరే అద్భుతమూ చేయలేకపోయాడని మార్కు రాశాడు. మత్తయిలో అది ఎక్కువ అద్భుతాలు చేయలేదని మారింది. చేయలేకపోవడం వేరు, చేయకపోవడం వేరు. తుఫానులో పడవ మునుగుతుంటే మార్కులో శిష్యులు మేము చచ్చిపోతున్నా నీకు పట్టదా అని నిలదీస్తారు. మత్తయిలో అది ప్రభువా రక్షించు అనే ప్రార్థన అయింది. యేసుకు మతి చలించిందనుకుని సొంతవాళ్లే ఆయనను పట్టుకుపోవడానికి బయల్దేరిన సంగతి మార్కులోనే ఉంది. మత్తయీ లూకా ఇద్దరూ దాన్ని వదిలేశారు. భక్తితో రాసేవాడు గరుకుగా ఉన్నదాన్ని నున్నగా చేస్తాడు గానీ, నున్నటిదాన్ని పనిగట్టుకుని గరుకు చేయడు.

జర్మన్ పండితులు 19వ శతాబ్దంలో ఈ దారినే నడిచారు. 1835లో కార్ల్ లాఖ్‌మన్ ఒక ముఖ్యమైన విషయం గమనించాడు. మత్తయి, లూకాల సంఘటనల వరుస ఒకదానితో ఒకటి కలిసేది రెండూ మార్కు వరుసను అనుసరించినప్పుడే. 1838లో వైస్సె, విల్కె వేర్వేరుగా మార్కే ముందన్న వాదాన్ని బలపరిచారు. 1863లో హోల్ట్స్‌మన్ గ్రంథంతో అది విద్యాలోకంలో స్థిరపడింది. మార్కులోని సమాచారంలో దాదాపు 90 శాతం ఏదో ఒక రూపంలో మత్తయిలో ఉంది. లూకాలో సగానికి పైగా ఉంది. మత్తయే ముందన్నవాళ్లు నేటికీ కొందరున్నారు. కానీ ఎక్కువమంది పండితులు మార్కునే తొలి సువార్తగా అంగీకరిస్తున్నారు. అంటే యేసు కథను మొదటి నుంచి చివరిదాకా ఒక గ్రంథంగా చెప్పిన, మనకు దక్కిన తొలి రచయిత ఇతడే. అంత పెద్ద ఋణాన్ని లోకం ఇంత ఆలస్యంగా గుర్తించింది.

ఇంతకీ ఈ మార్కు ఎవరు? సువార్తలో ఎక్కడా రచయిత తన పేరు చెప్పుకోలేదు. పేరు చెప్పిన తొలి సాక్షి, రెండో శతాబ్దం తొలి భాగంలో ఫ్రుగియలోని హియెరాపొలికి బిషప్‌గా ఉన్న పపియాస్. ఆయన పుస్తకం పోయింది. నాలుగో శతాబ్దపు చరిత్రకారుడు యూసేబియస్ ఉటంకించడం వల్ల కొన్ని వాక్యాలు మిగిలాయి. వాటి ప్రకారం మార్కు యేసును చూడలేదు, ఆయన మాట వినలేదు. యేసు ముఖ్య శిష్యుడు పేతురుకు దుబాసీగా ఉండి, పేతురు చెప్పినవి గుర్తున్నంతవరకు జాగ్రత్తగా, కానీ వరుసక్రమం లేకుండా రాశాడు. ఈ మాట పపియాస్ సొంతం కాదు, ఒక పెద్దాయన దగ్గర విన్నది. మార్కు పొరపాటేమీ చేయలేదని ఆయన గట్టిగా చెప్పడాన్ని బట్టి, ఈ పుస్తకంలో కుదురు లేదన్న ఫిర్యాదు అప్పటికే ఉందని ఊహించవచ్చు.

క్రైస్తవ సంప్రదాయం ఈ మార్కును కొత్త నిబంధనలోని అపొస్తలుల కార్యములు అనే గ్రంథంలో కనిపించే, మార్కు అనే మారుపేరున్న యోహానుతో ఒకటిగా చూసింది. మార్కు అనేది రోమా సామ్రాజ్యంలో వీధికొకటి వినిపించే పేరు కాబట్టి ఇద్దరూ ఒకరేనని రుజువు చేయలేం. అయినా ఆ యువకుడి కథ తెలుసుకోదగ్గదే. అతని తల్లి మరియకు యెరూషలేములో పెద్ద ఇల్లే ఉంది. తలవాకిలి, తలుపు తీయడానికి రొదే అనే పనిపిల్ల, రాత్రివేళ ప్రార్థనకు ఎంతోమంది చేరేంత చోటు ఉన్నాయి. చెరసాల నుంచి బయటపడ్డ పేతురు తిన్నగా వచ్చింది ఆ ఇంటికే. తొలి సంఘ నాయకుల్లో ఒకడైన బర్నబా ఈ కుటుంబానికి దగ్గరి బంధువు. బర్నబా, పౌలు తొలి సువార్త యాత్రకు బయల్దేరినప్పుడు సాయానికి మార్కును వెంట తీసుకెళ్లారు. కుప్ర (సైప్రస్) ద్వీపం దాటి పంఫూలియలోని పెర్గేలో దిగగానే అతడు వాళ్లను వదిలి యెరూషలేముకు తిరిగి వెళ్లిపోయాడు. ఎందుకో ఆ గ్రంథం రాసిన లూకా చెప్పలేదు.

పౌలు మాత్రం దాన్ని మరిచిపోలేదు. రెండో యాత్రకు మార్కును మళ్లీ తీసుకెళ్దామని బర్నబా అంటే, మధ్యలో విడిచిపోయినవాణ్ణి తీసుకెళ్లేది లేదని పౌలు పట్టుబట్టాడు. వాదం ముదిరి ఇద్దరూ విడిపోయారు. బర్నబా మార్కును వెంటబెట్టుకుని కుప్రకు ఓడ ఎక్కాడు, పౌలు సీలతో మరో దారి పట్టాడు. పౌలును సంఘానికి పరిచయం చేసి, అతణ్ణి నమ్మని పెద్దల ముందు అతని తరఫున నిలబడినవాడే ఈ బర్నబా. ఇప్పుడు అదే బర్నబా ఒక కుర్రవాడి కోసం పౌలునే వదులుకున్నాడు. ఆ పట్టు వృథా పోలేదు. ఫిలేమోనుకు రాసిన చిన్న ఉత్తరంలో పౌలు తన జతపనివారిలో మార్కు పేరు చేర్చాడు. కొలొస్సయులకు రాసిన పత్రికలో అతడు వస్తే చేర్చుకోమని ఉంది. తిమోతికి రాసిన రెండో పత్రికలో, అతడు పరిచర్యకు ఉపయోగపడతాడు, వెంట తీసుకురమ్మని ఉంది. చివరి రెండు పత్రికలూ పౌలు స్వయంగా రాసినవేనా అన్నదానిపై పండితుల్లో వాదన ఉంది. అయినా, వెనుదిరిగినవాడు మళ్లీ అక్కరకొచ్చాడనే తొలి సంఘాలు అతణ్ణి గుర్తుపెట్టుకున్నాయి. పేతురు పేరిట ఉన్న మొదటి పత్రిక చివర కూడా ‘నా కుమారుడైన మార్కు’ అన్న మాట ఉంది.

ఈ సువార్త రోమ్‌లో రాశారన్నది పాత సంప్రదాయం. సిరియా ప్రాంతమనే పండితులూ ఉన్నారు. పాఠంలోని చిన్న చిన్న సంగతులు రోమ్ వైపే మొగ్గు చూపుతాయనిపిస్తుంది. బీద విధవరాలు కానుకపెట్టెలో వేసిన రెండు కాసుల విలువ ఎంతో రోమా నాణెంతో లెక్కకట్టి చెబుతాడు. యూదులు భోజనానికి ముందు చేతులు ఎలా కడుక్కుంటారో వివరిస్తాడంటే పాఠకుల్లో యూదులు కానివాళ్లు ఎక్కువన్నమాట. యేసు సిలువ మోసిన కురేనీయుడైన సీమోను గురించి రాస్తూ, అతడు అలెక్సంద్రుకు, రూఫుకు తండ్రి అని కలిపాడు. ఆ ఇద్దరూ ఎవరో చెప్పలేదు. చదివేవాళ్లకు వాళ్లు తెలుసు. రోమీయులకు రాసిన పత్రికలో పౌలు కుశలమడిగినవాళ్లలో ఒక రూఫు ఉన్నాడు. ఇద్దరూ ఒకరే కావచ్చు, కాకపోవచ్చు. కానీ సిలువ మోసినవాడి కొడుకులు సంఘంలో ఎరిగినవాళ్లుగా ఉండగానే ఈ పుస్తకం పుట్టిందని ఆ ఒక్క వచనం చెబుతుంది.

కాలం క్రీ.శ. 65 నుంచి 75 మధ్య అన్నది ఎక్కువమంది అంచనా. 64లో రోమ్ తగలబడింది. చక్రవర్తి నీరో ఆ నేరం క్రైస్తవుల మీదికి నెట్టి, వాళ్లను కుక్కలతో చీల్పించి, సిలువ వేయించి, రాత్రిపూట దివిటీల్లా కాల్పించాడని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. ముందు పట్టుబడినవాళ్లు ఇచ్చిన సమాచారంతో మిగతావాళ్లను పట్టుకున్నారని కూడా ఆయనే చెప్పాడు. అంటే సంఘంలో చనిపోయినవాళ్లూ ఉన్నారు, భయపడి సాటివాళ్లను పట్టించినవాళ్లూ ఉన్నారు. 70లో యెరూషలేము దేవాలయం నేలమట్టమైంది. మార్కు 13వ అధ్యాయంలో ఆ ఉపద్రవం నీడ పరుచుకుని ఉంటుంది.

ఈ నేపథ్యంలో చదివితే శిష్యులను మార్కు అంత కఠినంగా ఎందుకు చూపించాడో అర్థమవుతుంది. ఈ సువార్తలో వాళ్లకు ఏదీ ఒక పట్టాన బోధపడదు. బేత్సయిదాలో గుడ్డివాడికి చూపు ఒక్కసారిగా రాదు. మొదట మనుషులు నడుస్తున్న చెట్లలా కనిపిస్తారు, రెండోసారి చేతులు ఉంచాకే స్పష్టంగా చూస్తాడు. మత్తయి, లూకా వదిలేసిన ఈ కథను మార్కు కావాలనే సరైన చోట పెట్టాడు. ఆ వెంటనే పేతురు, నీవు క్రీస్తువని ఒప్పుకుంటాడు. కొన్ని వచనాలు తిరక్కుండానే, శ్రమలు వద్దని యేసునే గద్దించి, ‘సాతానా, నా వెనుకకు పొమ్ము’ అనిపించుకుంటాడు. పేతురుకూ చూపు సగమే వచ్చింది. గెత్సేమనేలో ముగ్గురు శిష్యులు మూడుసార్లు నిద్రపోతారు. యేసును పట్టుకోగానే అందరూ పారిపోతారు. ఒంటిమీద నారబట్ట మాత్రమే కప్పుకున్న ఒక యువకుడు, పట్టుకోబోతే ఆ బట్ట వాళ్ల చేతుల్లో వదిలేసి దిగంబరంగా పరుగెత్తుతాడు. అతడు మార్కే కావచ్చని చాలామంది ఊహించారు. ఆధారం లేదు గానీ, సర్వం విడిచి యేసును వెంబడించినవాళ్లతో మొదలైన కథలో చివరి అనుచరుడు సర్వం విడిచి పారిపోవడం మాత్రం రచయిత ఎరిగే చేశాడు.

ఇది శిష్యులను చిన్నబుచ్చడానికి రాసింది కాదు. హింసకు తట్టుకోలేక తడబడి, మళ్లీ సంఘం గడప తొక్కాలా వద్దా అని కుంగుతున్నవాళ్లకు, సంఘపు పెద్దలు కూడా ఇలాగే తడబడ్డారని చెప్పే పుస్తకం ఇది. సమాధి దగ్గర స్త్రీలకు కనిపించిన యువకుడు శిష్యులకు కబురు పంపుతూ పేతురు పేరు ప్రత్యేకించి చెబుతాడు. మూడుసార్లు ఎరగనని బొంకినవాడి పేరు అది. ఆ కబురులో పేతురు పేరు చేర్చింది మార్కు ఒక్కడే.

ఆ తర్వాతి వచనంతో అసలు చిక్కు మొదలవుతుంది. 16వ అధ్యాయం 8వ వచనం: స్త్రీలు వణుకుతూ సమాధి నుంచి పారిపోయారు, భయపడ్డారు కాబట్టి ఎవరితోనూ ఏమీ చెప్పలేదు. నాలుగో శతాబ్దానికి చెందిన వాటికన్, సైనాయ్ అనే చేతిరాత బైబిలు ప్రతుల్లో సువార్త అక్కడితో ముగుస్తుంది. తిరిగి లేచిన యేసు ఎవరికీ కనిపించడు. తెలుగు బైబిలులో ఉన్న 9 నుంచి 20 వరకు వచనాలు ఆ రెండు ప్రతుల్లో లేవు. సరైన ప్రతులు 8వ వచనంతోనే ఆగుతాయని యూసేబియస్ రాశాడు. అలాగని ఆ పొడుగు ముగింపు నిన్నమొన్నటిదీ కాదు. దానిలోని వాక్యాన్ని 180 ప్రాంతంలోనే బిషప్ ఐరేనియస్ ఉటంకించాడు. అది కాక మరో పొట్టి ముగింపు కూడా కొన్ని ప్రతుల్లో ఉంది. ఇన్ని ముగింపులు పుట్టాయంటే, 8వ వచనంతో ఆపడం తొలి పాఠకులకే మింగుడుపడలేదన్నమాట.

చివరి ఆకు చిరిగిపోయి ఉంటుందని కొందరు, రాస్తుండగా ఏదో ఆటంకం వచ్చిందని కొందరు అన్నారు. కానీ పుస్తకమంతా నడిచిన తీరు చూస్తే మార్కు అక్కడే ఆపాలనుకున్నాడనడమే సబబు. యేసు ఎవరికీ చెప్పవద్దన్నా జనం ఎన్నోసార్లు ఊరంతా చాటారు. ఇప్పుడు వెళ్లి చెప్పమంటే నోరు పెగల్లేదు. శిష్యులు పారిపోయారు, చివరిదాకా నిలిచిన స్త్రీలూ పారిపోయారు. అయినా కబురు మాత్రం చేరింది, లేకపోతే ఈ పుస్తకమే ఉండేది కాదు. మనుషులు తప్పినా వాగ్దానం తప్పలేదన్న సంగతిని వాక్యంలో పెట్టకుండా, పాఠకుడు తనంతట తాను గ్రహించేలా వదిలేశాడు. అంత ధైర్యం చేసిన రచయితకు నేర్పు చాలదని ఇన్ని శతాబ్దాలు అనుకోవడం బాధ కలిగించే విషయం.

పుస్తకానికి దక్కని గౌరవం ఆ పేరుకు మాత్రం మెండుగా దక్కింది. అలెక్సంద్రియలో సంఘాలను స్థాపించింది మార్కేనని యూసేబియస్ నమోదు చేశాడు. ఈజిప్టులోని కాప్టిక్ సంఘం అతణ్ణి తన తొలి పెద్దగా కొలుస్తుంది. అతడు అలెక్సంద్రియలో అడుగుపెట్టినప్పుడు తెగిన చెప్పు కుట్టబోయి చేతికి ఆరె గుచ్చుకున్న అనియానస్ అనే చెప్పులు కుట్టేవాడే అక్కడి తొలి విశ్వాసి అని, 68లో మార్కును మెడకు తాడు కట్టి వీధుల్లో ఈడ్చి చంపారని వాళ్ల సంప్రదాయం. 2012లో పదవి చేపట్టిన తవద్రోస్ ఆ పీఠానికి 118వ అధిపతి. 828లో ఇద్దరు వెనిస్ వర్తకులు అలెక్సంద్రియ నుంచి మార్కు అవశేషాలను ఎత్తుకుపోయారు. ముస్లిం అధికారులు తాకరని పంది మాంసం కింద దాచి ఓడ ఎక్కించారని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. వెనిస్‌లోని సెయింట్ మార్క్ చర్చి గోడల మీద ఆ దృశ్యం మొజాయిక్ చిత్రంగానే ఉంది. మార్కుకు చిహ్నమైన రెక్కల సింహం ఆ నగర రాజ్యానికి గుర్తయింది. 1968 జూన్‌లో ఆరవ పౌలు పోప్ ఆ అవశేషాల్లో కొంత కాప్టిక్ అధిపతి ఆరవ కిరిల్లుకు తిరిగి ఇప్పించాడు. కైరోలోని అబ్బాసియాలో కొత్త కేథడ్రల్ ప్రారంభోత్సవానికి ఈజిప్టు అధ్యక్షుడు నాసర్, ఇథియోపియా చక్రవర్తి హైలే సెలాసీ హాజరయ్యారు. తెలుగుకు సంబంధించి చెప్పాలంటే, విశాఖపట్నంలో లండన్ మిషనరీ డెగ్రాంజెస్, ఆనందరాయర్ సాయంతో చేసిన అనువాదాల్లో మార్కు ఉంది. మత్తయి, లూకాలతో పాటు అది 1812లో సేరంపూర్‌లో అచ్చయింది.

ఆరాధనలో మార్కుకు చోటు పెరిగింది మాత్రం ఈ మధ్యనే. 1969 దాకా కతోలిక పూజలో ఆదివారాల్లో మార్కును చదివేది అరుదు. కతోలిక బిషప్పుల రెండో వాటికన్ మహాసభ తర్వాత వచ్చిన మూడేళ్ల పఠన క్రమంలో ఒక ఏడాది మత్తయికి, ఒక ఏడాది మార్కుకు, ఒక ఏడాది లూకాకు కేటాయించారు. తెలుగు రాష్ట్రాల్లోని కతోలిక గుడుల్లోనూ అదే క్రమం. 2024 మార్కు ఏడాది, మళ్లీ వచ్చేది 2027లో. పుస్తకం చిన్నది కావడంతో అతని ఏడాదిలోనూ వరుసగా ఐదు ఆదివారాలు యోహాను ఆరో అధ్యాయానికి వెళ్లిపోతాయి. ఆ ఏడాది ఈస్టర్ ముందు రాత్రి జరిపే పాస్కా జాగరణలో చదివే సువార్త భాగం మార్కు 16వ అధ్యాయం 1 నుంచి 7 వచనాలు. గలిలయలో ఆయనను చూస్తారన్న మాటతో పఠనం ఆగుతుంది, 8వ వచనం చదవరు. రాత ప్రతుల్లో దానికి కొత్త ముగింపులు అతికించినవాళ్లకు ఎదురైన చిక్కే ఈ పఠన క్రమం కూర్చినవాళ్లకూ ఎదురైనట్టుంది. మార్కును మార్కుగా వినాలనుకునే సంఘం ఆ ఒక్క వచనాన్ని కూడా కలిపి చదవాలి.